కడగని బాకా

మా ఆయనకి బ్యాండులో 'దమ్ము' అని పేరు. ఒక్క ఊపిరితో ఎంతసేపు కావాలంటే అంతసేపు స్వరాన్ని నిలబెట్టేవాడు. వినేవాళ్ళకే ఊపిరాడేది కాదు. అలాంటి మనిషి మా మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆగినట్టు తెలియకూడదని గోడ మీద పెచ్చులు పరిశీలించేవాడు. ఆ గోడలో అంత చూడాల్సిందేముందా అని చాలాకాలం నవ్వుకున్నాను. సంగతి తెలిశాక నవ్వు రాలేదు.

నేను బట్టలు కుడతాను. వీధి గదిలో నా మిషను, వెనక గదిలో ఆయన బాకా. బ్యాండువాళ్ళ కోట్లన్నీ నా చేతివే కాబట్టి ఎవరి ఛాతీ ఎంతో నాకు కంఠస్థం. అందరి కోట్లూ ఏటేటా వదులు చేయమని వస్తుంటే, మా ఆయన కోటు మాత్రం లోపలికి కుట్లు పడుతూ వచ్చింది. టేపు అబద్ధం చెప్పదు. మొగుడు చెబుతాడు. "ఏం లేదే, కొంచెం పని ఎక్కువైంది" అనేవాడు.

అదంతా దగ్గుతో మొదలైంది. పొడి దగ్గు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడటం, మెట్లెక్కితే ఆయాసం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదటిమాట 'వైరల్'. మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అన్నారు. ఆ వారం ఎంతకీ పూర్తి కాలేదు. ఇంకొకాయన వైరస్ కాదు బాక్టీరియా అని యాంటీబయాటిక్ రాశాడు. దానికి కడుపు పాడైంది గానీ దగ్గు చెక్కుచెదరలేదు. మరొకాయన ఉబ్బసమన్నాడు, ఇంకొకాయన క్షయేమోనని పరీక్ష చేయించాడు. క్షయ కాదని తేలింది. ఏమిటో మాత్రం తేలలేదు.

ఆ పెద్ద రోగం లోకాన్నంతా ఇళ్ళల్లో కూర్చోబెట్టి వెళ్ళిన దగ్గర్నుంచి జనానికి దగ్గంటే హడల్. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా మా ఇద్దరికీ సీట్లు దొరికేవి. మా ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, మూడు వరుసలు ఖాళీ. "చూశావా నా పలుకుబడి" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఎదురింటావిడ కుట్టడానికిచ్చిన గుడ్డ కుట్టకుండానే వెనక్కి పట్టుకెళ్ళిపోయిన రోజున నాకు ఏడుపొచ్చింది. అది పని పోయినందుకు కాదు. వెళ్తూ వెళ్తూ ఆవిడ మా తలుపు గడియని కొంగుతో పట్టుకుంది, అందుకు.

చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకావిడ దొరికింది. మా అమ్మాయి వయసుంటుంది. చెవిలో గొట్టాలు పెట్టుకుని మా ఆయన వీపు మీద చాలాసేపు విన్నది. తర్వాత మందు రాయకుండా కబుర్లు మొదలుపెట్టింది.

"ఇంట్లో పావురాలు, చిలకలు లాంటివేమైనా పెంచుతున్నారా?"

"లేదమ్మా. మా ఇంట్లో పెంచుతున్నది నన్నొక్కణ్ణే" అన్నాడు ఆయన, నా వైపు చెయ్యి చూపించి.

"గోడలకి చెమ్మ ఉందా? బూజు?"

"నేనున్న ఇంట్లో బూజా!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"పోనీ, ఈ దగ్గు ఎప్పుడైనా బాగా తగ్గిందా?"

నాకు చప్పున గుర్తొచ్చింది. "తగ్గింది. కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఒక్క దగ్గు లేదు. నా చేతి వంట మహిమ అనుకున్నాను."

"మంచం మీద ఉన్నప్పుడు రోజూ చేసేవాటిలో ఏవి మానేశారు?"

"అన్నీ మానేశాను" అన్నాడు మా ఆయన. "పడుకుని బాకా ఊదలేం కదమ్మా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీరు బాకా ఊదుతారా? దాన్ని లోపల ఎప్పుడు కడిగారు?"

మా ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి తిరిగేదాకా నవ్వాడు. "బాకా లోపల కడగడమేమిటమ్మా?"

ఇక్కడ మా బ్యాండు ఆచారం ఒకటి చెప్పాలి. ఈ బ్యాండులో బాకా కొనుక్కోరు, గురువు దగ్గర పుచ్చుకుంటారు. గురువు ఇక ఊదలేననుకున్న రోజున అందరినీ నిలబెట్టి ఒక స్వరం ఊదుతాడు. ఊదిన బాకాని అలాగే శిష్యుడి చేతికిస్తాడు. శిష్యుడు దాని మూతి తుడవకుండా, ఆ తడి ఆరకముందే అదే స్వరం అందుకోవాలి. దాన్ని 'ఊపిరివ్వడం' అంటారు. ఆ రోజు నుంచి బాకాని బయట ఎంతైనా తోముకోవచ్చు, అద్దంలా మెరిపించుకోవచ్చు. లోపల మాత్రం నీటిచుక్క పోయకూడదు. పోస్తే గురువు ఊపిరి పోతుందని, దాంతో గొంతు మారిపోతుందని వాళ్ళ నమ్మకం. మా ఆయన బాకా కూడా అలా, కాలం చేసిన గురువుగారి నుంచి వచ్చిందే. ఆ గురువుగారికి ఆయన గురువు దగ్గర్నుంచి వచ్చింది. ఇన్ని తరాల ఊపిరితో పాటు ఇంకేం చేరి ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. పక్కింటికి కూడా వినపడే దాన్ని రోజూ ఇంట్లోనే విన్న నేనూ ఆలోచించలేదు.

"ఒకసారి తెచ్చి చూపిస్తారా? నాకు చూడాలనుంది" అన్నది డాక్టరమ్మ. బాకా చూపించమంటే మా ఆయన యముడికైనా చూపిస్తాడు. మర్నాడే తీసుకెళ్ళాం. ల్యాబువాళ్ళు పొడుగాటి పుల్లకి దూది చుట్టి గొట్టంలోకి పోనిస్తుంటే, తన పన్ను పీకుతున్నట్టు ముఖం పెట్టాడు.

కొన్నాళ్ళకి పిలిచి చూపించారు. గుండ్రటి గాజు మూతల కింద, జిగురు లాంటిదాని మీద, తెల్లటి చుక్కలు, లేత గులాబీ చుక్కలు, ఒకదాంట్లో బూడిదరంగు నూగు. మరీ చూడలేనట్టు కూడా లేవు. ఏదో చీరె అంచు మీద పనిలా ఉన్నాయి.

"ఇవన్నీ మీ బాకాలోవే. ఇవి బాక్టీరియా, ఆ నూగు బూజు" అన్నది డాక్టరమ్మ. "ఇవి మీ మీద దండెత్తలేదు. గాలి పీల్చుకున్నప్పుడల్లా కొన్ని ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. మీ ఒళ్ళేమో వాటిని చూసి అనవసరంగా కోప్పడుతోంది. ఆ కోపమే దగ్గు, జ్వరం, ఆయాసం. అందుకే ఏ మందూ పనిచేయలేదు. అందుకే మీరు ఊదడం మానేసినప్పుడు తగ్గింది. మీ ఇంటావిడ వంట వల్ల కాదు, ఏమీ అనుకోకండి."

అనుకున్నాను. పైకి అనలేదు.

"మందేమిటండీ మరి?" అన్నాను.

"గోరువెచ్చటి సబ్బునీళ్ళు, పొడుగాటి బ్రష్షు. ముందు బాగా కడిగేయాలి, తర్వాత వారానికోసారి. వంటికి కొన్నాళ్ళు మాత్రలిస్తాను. ఊపిరితిత్తులు ఇంకా మెత్తగానే ఉన్నాయి, కోలుకుంటాయి. కడక్కుండా ఇలాగే ఊదితే మాత్రం గట్టిపడిపోతాయి. అప్పుడు నా దగ్గర కూడా ఏమీ ఉండదు."

కొండంత దగ్గుకి సబ్బునీళ్ళు! నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మా ఆయన మాత్రం ఆ గాజు మూతల మీదకి వంగి చూస్తున్నాడు.

"ఇవి ఎవరి నోట్లోంచి వచ్చాయమ్మా?"

"మీదే కావచ్చు. మీకు ముందు ఊదినవాళ్ళదీ కావచ్చు. నీళ్ళ నుంచి, గాలి నుంచి కూడా వస్తాయి. చెమ్మ, చీకటి, తిండి ఉన్నాయి, ఇంకేం కావాలి? నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడుకుంటాయి కదా. అలా ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ ఎన్నేళ్ళైనా ఉంటాయి."

పాపం, అర్థమయ్యేలా చెప్పాలని ఆవిడ తాపత్రయం. ఆ మాటే కొంప ముంచింది.

బస్టాపులో నిలబడ్డాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "విన్నావా? గురువుగారి నోట్లోవి ఇంకా బతికే ఉన్నాయట."

ఆ ముఖం చూస్తే, పోయాడనుకున్న మనిషి దగ్గర్నుంచి కబురొచ్చినట్టుంది. డాక్టరమ్మ రోగం చెబితే ఈయన చుట్టరికం విన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "అవి పురుగులండీ, మేనమామలు కాదు" అన్నాను. బస్టాపులో అందరూ మా వైపు తిరిగారు.

"ఊపిరి ఉందని వాళ్ళూ వీళ్ళూ ఊరికే అంటారనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే ఉంది. నా చేతులతో నేను సబ్బు పోసి చంపనా?" అన్నాడు. అని, ఇంటికెళ్ళాక బాకాని పెట్టెలో పెట్టి బీరువా మీదకెక్కించాడు. "కడగను. ఊదను. నీకు కావలసింది నా ప్రాణమే కదా. ఉంటుందిలే."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ రాజుకి పెళ్ళాంగా ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

ఉంది, ప్రాణం ఉంది. వారాలు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది, సాయంత్రం జ్వరం పోయింది, మెట్ల దగ్గర గోడ చూడటం మానేశాడు. కోటుకి ఒక కుట్టు విప్పాను కూడా. కానీ ఆ కోటు వేసుకునే పనే లేదు. బ్యాండు సాధన చేసే హాలు ముందు వీధిలో అటూ ఇటూ తిరిగి వచ్చేవాడు. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు, కుడిచేతి మూడు వేళ్ళూ కంచం అంచు మీద మీటలు నొక్కినట్టు కదిలేవి. అది చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. దగ్గే నయమనిపించింది ఒక్కోసారి. పాపం తగిలినా తగలనీ, అనిపించిన మాటే చెబుతున్నాను.

బ్యాండు మాస్టరు పరామర్శకి వచ్చాడు. డాక్టరమ్మ చెప్పిందంతా ఆయనకి చెప్పాను. మిగతావాళ్ళ బాకాలు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదని ఆవిడ అన్న మాట కూడా చెప్పాను. మాస్టరు చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"పెద్దల ఊపిరిని సబ్బుతో కడగమంటావా అమ్మా? చెబితే నవ్విపోతారు."

"దగ్గిపోయే కన్నా నవ్విపోవడం మేలు కదండీ" అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఊదేవాళ్ళ ముందు ఊదినా అంతేనని ఆ రోజే తెలిసింది.

ఇక మిగిలింది పెద్దమ్మ. అంటే గురువుగారి భార్య. మా ఇద్దరికీ ఆవిడ పెద్దమ్మే, ఆవిడ మాటంటే మా ఆయనకి తిరుగులేదు. అవతలి వీధిలో మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. గుండీలు ఊడిన గురువుగారి పాత కోటు ఒకటి బాగుచేసి ఇవ్వాల్సి ఉంటే ఆ వంకతో వెళ్ళాను. 'కడుక్కోరా' అని ఒక్కమాట చెప్పించుకొద్దామని మాత్రమే వెళ్ళాను.

చెప్పుకుపోతున్నాను. దగ్గు, సాయంత్రం జ్వరం, కాలు విరిగినప్పుడు తగ్గడం. పెద్దమ్మ కోటు గుండీ ఒకటి పట్టుకుని వింటోంది. కాసేపటికి నన్ను ఆపింది.

"పొద్దున్న లేవగానే తక్కువ, సాధన అయ్యాక ఎక్కువా?"

"అవును పెద్దమ్మా."

"ఊరెళ్తే ఉండదు. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలు."

"అవును. మీకెవరు చెప్పారు?"

ఆవిడ గుండీ వదిలేసి లేచింది. కిటికీ దాకా వెళ్ళి నిలబడింది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. గురువుగారూ దగ్గుతోనే పోయారు. అందరూ వయసన్నారు. చుట్ట కాల్చడం ఎరగని మనిషిని పట్టుకుని చుట్ట అని కూడా అన్నారు.

"ఇంటి చెమ్మ అనుకున్నానే అమ్మాయ్" అన్నది పెద్దమ్మ, నా వైపు తిరక్కుండానే. "చెమ్మ అని ఇళ్ళు మారాను. దుమ్మని పరుపులు మార్చాను. ఏ ఇంటికెళ్ళినా అదే దగ్గు. నా చేతిలో ఏదో దోషముందని, నాకు ఇల్లు శుభ్రం చేయడం చేతకాదని ఏడ్చాను. ఏ ఇంటికెళ్ళినా ముందు దాన్నే జాగ్రత్తగా మోసుకెళ్ళేదాన్ని, ఒళ్ళో పెట్టుకుని."

నా నోరు పడిపోను, ఎందుకొచ్చానా అనిపించింది. పోయిన మనిషి గురించి, ఈ వయసులో ఉన్న మనిషికి తెలియాల్సిన సంగతేనా అది? ఆవిడ పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడే చెయ్యి విడిపించుకుని కళ్ళు తుడుచుకుంది.

"మీ ఇంట్లో పెద్ద తొట్టి ఉందా?" అన్నది.

మేం మా ఇంటికి చేరేసరికి మా ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. "ఆ పెట్టె దించు" అన్నది.

దించాడు. ఊదమంటుందనుకున్నట్టున్నాడు. నేను తొట్టిలో వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపి సబ్బు వేయడం చూసి గతుక్కుమన్నాడు. బాకాని గుండెకి హత్తుకున్నాడు, పసిపిల్లని లాక్కుంటున్నట్టు.

"వద్దు పెద్దమ్మా. నన్నడక్కండి. ఇది ఆయన ఊపిరి. నేను దాచుకున్నది ఇదొక్కటే."

"ఒరేయ్" అన్నది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నీకొచ్చిన ఈ దగ్గునే ఆయన దగ్గర నేను ఎన్నేళ్ళు విన్నానో నీకు తెలుసు. అది దేన్నుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది. నువ్వు దాచుకున్నది ఆయన ఊపిరి కాదురా. ఆయన ఊపిరి తీసింది అదే."

 మా ఆయన బాకా వైపు చూశాడు, పెద్దమ్మ వైపు చూశాడు. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పెళ్ళైన ఇన్నాళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసి ఉంచింది.

ఏడుపయ్యాక తనే మీటలు విప్పాడు. గొట్టాలు ఒక్కొక్కటీ ఊడదీసి వరసగా తువ్వాలు మీద పరిచాడు. మొదటిది నీళ్ళలో ముంచింది మాత్రం పెద్దమ్మ. నేను బ్రష్షు తోశాను. అటువైపు నుంచి వచ్చింది చూడాలి. ఆకుపచ్చో నలుపో చెప్పలేని జిగట, మధ్యలో పొరలు పొరలుగా ఊడొచ్చే పాకుడు. నేనున్న ఇంట్లో బూజా అని గొప్పలు పోయినదాన్ని నేనే. నీళ్ళు మార్చాం, మళ్ళీ మార్చాం. తొట్టిలో నీళ్ళు తేటపడేసరికి వీధి గదిలో ఎండ నా మిషను దాటి గుమ్మం దాకా పోయింది.

ఆరబెట్టి, తిరిగి బిగించి, మా ఆయన బాకా చేతిలోకి తీసుకున్నాడు. ఊదే ధైర్యం లేక అటూ ఇటూ తిప్పాడు.

"మూతి తుడువు" అన్నది పెద్దమ్మ.

ఆ బ్యాండులో ఎవరూ చేయని పని అది. ఆయన జేబులోంచి గుడ్డ తీసి బాకా మూతి శుభ్రంగా తుడిచాడు. గుండెల నిండా గాలి పీల్చి, గురువుగారు తనకిచ్చిన ఆ స్వరమే ఊదాడు.

నేను ఉలిక్కిపడ్డాను. అది నాకు తెలిసిన బాకా కాదు. మా ఇంటి బాకాది కొంచెం బొంగురు గొంతు, జలుబు చేసిన మనిషిలా. బ్యాండంతా ఆ బొంగురునే గొప్పగా చెప్పుకునేది. ఇదేమో కడిగిన గాజులా, ఎక్కడా గీత లేకుండా పలికింది. మా ఆయన ముఖం పాలిపోయింది. సగంలో ఆపేశాడు.

"పోయింది" అన్నాడు. "చూశావా, అన్నంత పనీ అయింది. గురువుగారి గొంతు పోయింది."

పెద్దమ్మ వైపు తిరిగాను, ఏం చేశామా అని భయంతో. ఆవిడ నా కుట్టు కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం నిండా కన్నీళ్ళు, ఆ కన్నీళ్ళలోనే నవ్వు.

"నీకేం తెలుసురా ఆయన గొంతు" అన్నది. "నువ్వు చేరేనాటికే ఆయనకి దగ్గు పట్టుకుంది. ఈ గొంతు నేను మా పెళ్ళైన కొత్తలో విన్నాను. కొత్తగా గురువు దగ్గర పుచ్చుకున్న రోజుల్లో, లోపల ఇంత పాకుడు పట్టకముందు, కిటికీ దగ్గర నిలబడి నాకోసం ఊదేవాడు. తర్వాత ఇది ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు."

మా ఆయన బాకా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకోసారి ఊదు నాయనా" అన్నది పెద్దమ్మ. "ఈసారి మధ్యలో ఆపకు."

ఆయన మళ్ళీ బాకా ఎత్తాడు. ఆ స్వరం వీధి దాటి వెళ్ళింది. ఎదురింటావిడ కిటికీ తెరిచింది. ఇప్పుడు దగ్గొస్తుంది, ఇప్పుడు తెగిపోతుంది అని నేను కొంగు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. తెగలేదు. మా దమ్ము, పెద్దమ్మ ఇక చాలని చెయ్యి ఎత్తేదాకా ఊదుతూనే ఉన్నాడు. ఆవిడ చాలాసేపటి దాకా చెయ్యి ఎత్తలేదు.